పాపికొండల బోటు ఆపేశారు: మన రిస్కు మనం చూసుకోకూడదా?

మియాపూర్ మనిషి:
అందరికీ నమస్కారం. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

పాపికొండలు చూడాలని మా అమ్మానాన్నలకి ఎప్పటినుంచో కోరిక. నాన్నకి 71, అమ్మకి 66. మోకాళ్లు సహకరిస్తున్నప్పుడే చూపించేద్దామని నెల ముందే టికెట్లు తీసుకున్నా. కార్తీకమాసం కూడా కలిసొచ్చింది. రాత్రి రైల్లో రాజమండ్రి వచ్చి, పొద్దున్నే ఆరింటికి కారు మాట్లాడుకుని గండిపోచమ్మ గుడి దగ్గరికి చేరాం. తీరా వెళ్లాక "ఈరోజు బోట్లు లేవండి, పైనుంచి నీళ్లొస్తున్నాయి, ఆపమన్నారు" అన్నారు. ఎంత నీళ్లు, ఎప్పటిదాకా, ఆపమన్నదెవరు అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఎదురుగా గోదావరి ప్రశాంతంగా ఉంది. వాన లేదు, గాలి లేదు, ఎండ కాస్తోంది. మా బావమరిది "కాగితం ఇవ్వండి, ఏమైనా అయితే మాదే బాధ్యత అని సంతకం పెడతాం" అని కూడా అడిగాడు. ఒప్పుకోలేదు. అమ్మ గుళ్లో దండం పెట్టుకుని, రేవు మెట్ల మీద కాసేపు కూర్చుని, "పోనీలేరా" అంది. ఆ పోనీలేరా వినలేకపోయాను.

నా ప్రశ్న ఒక్కటే. మేం చిన్నపిల్లలం కాదు. ఉద్యోగాలు చేస్తున్నాం, ఇళ్లకి అప్పులు తీసుకుంటున్నాం, ఆపరేషన్ చేయించుకునే ముందు సంతకం పెడుతున్నాం. మరి ఏది ప్రమాదమో, ఏది కాదో మేమే తేల్చుకుంటామంటే ప్రభుత్వానికేంటి అభ్యంతరం?

స్వేచ్ఛాజీవి గుంటూరు:
నూటికి నూరుపాళ్లు మీతో ఏకీభవిస్తాను. మనిషికి బుర్ర ఇచ్చింది వాడుకోవడానికి. ప్రతిదానికీ ఒక రూలు, ప్రతి రూలుకీ ఒక ఫైను. హెల్మెట్ సంగతే చూడండి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సు రద్దు అన్నారు. అదే సవరణలో 198ఎ అని ఇంకో సెక్షన్ ఉంది. రోడ్డు సరిగ్గా వేయక ప్రాణం పోతే కాంట్రాక్టరుకో, సంబంధిత అధికారులకో లక్ష రూపాయల దాకా జరిమానా. మీలో ఎంతమందికి ఆ సెక్షన్ గురించి తెలుసు? మా వీధి చివర గుంటకి మూడేళ్లు. ఆ గుంట ఫొటో తీయడానికి ఏ కెమెరా రాదు, నా నెత్తిని తీయడానికి మాత్రం నాలుగు కూడళ్లలో నాలుగు కెమెరాలు.

తన బాధ్యత చేయని ప్రభుత్వానికి నా బాధ్యత గుర్తుచేసే హక్కు ఎక్కడిది?

గోదారి గట్టు:
మియాపూర్ మనిషి గారూ, అమ్మగారు "పోనీలేరా" అన్నారని చదివి బాధేసింది. మాది దేవీపట్నం దగ్గరే. మా నాన్న 30 ఏళ్లు లాంచీ సరంగు, అంటే లాంచీ నడిపేవాడు. అందుకని కొంచెం పెద్దగానే రాస్తాను, ఏమనుకోకండి.

మీరు చూసింది రేవు దగ్గర గోదావరిని. అక్కడ నది విశాలంగా ఉంటుంది, నీళ్లు ఎంతొచ్చినా పరుచుకుంటాయి. పైకి వెళ్లేకొద్దీ రెండువైపులా కొండలు దగ్గరకొస్తాయి. అన్ని నీళ్లూ ఆ ఇరుకులోంచే రావాలి. పక్కకి పోవడానికి చోటు లేదు కాబట్టి లోతుకి పోతాయి, మలుపు దగ్గర తిరుగుతాయి. సుడి ఎప్పుడూ ఒకేచోట ఉండదు, లేస్తుంది, అణుగుతుంది. మీరు గట్టు మీద నిలబడినప్పుడు ఎండ కాస్తోందన్నారు కదా, గోదావరికి మన ఎండతో పనిలేదు. రెండు రోజుల కింద మహారాష్ట్రలోనో, ఛత్తీస్‌గఢ్‌లోనో కురిసిన వాన ఇవాళ మా ఊరి ముందు నుంచి వెళ్తుంది.

2019 సెప్టెంబరు 15 ఆదివారం. ఆ రోజు కూడా బాగానే ఉంది. మీరెక్కాలనుకున్న గండిపోచమ్మ దగ్గరే జనం బోటెక్కారు. కచ్చులూరు దగ్గర తిరగబడింది. బోటులో 77 మంది, బయటపడింది 26 మంది. కచ్చులూరు వాళ్లు తమ పడవలేసుకుని వెళ్లి లాగారు కాబట్టి ఆ 26 అయినా దక్కారు. బోటుని పైకి తీయడానికి 38 రోజులు పట్టింది. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం గారి బృందం వచ్చి లంగర్లు వేసి వేసి అక్టోబరు 22న తీశారు.

ఇక్కడో సంగతి చాలామందికి తెలియదు. ఆ రోజు నదిలో నీళ్లు సుమారు 5 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగులు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షలకి గానీ ఇవ్వరు. అంటే పేపర్లో "వరద" అని రాసే స్థాయిలో సగం. ఊళ్లు మునగడానికి ఆ నీళ్లు చాలవు, ఆ ఇరుకులో బోటుకి చాలా ఎక్కువ. గట్టు మీద నిలబడి 2 లక్షలకీ 5 లక్షలకీ తేడా చెప్పమంటే నేనే చెప్పలేను, అక్కడే పుట్టి పెరిగినవాణ్ణి.

మియాపూర్ మనిషి:
గోదారి గట్టు గారూ, కచ్చులూరు వార్త అప్పుడు టీవీలో చూశాను, మర్చిపోలేదు. క్యూసెక్కుల సంగతి మాత్రం నిజంగా తెలియదు. ఇదే ముక్క రేవు దగ్గర ఎవరైనా చెప్పి ఉంటే నేను ఇలా రాసేవాణ్ణి కాదు. "ఆపమన్నారు" అనే మాట ఒక్కటే చెప్పి పంపేస్తే ఎలాగండీ?

అయినా ఒకటడుగుతాను. మీ నాన్నగారికి 30 ఏళ్ల అనుభవం. నీళ్లు చూసి చెప్పగలరు కదా. ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్లకంటే ఆయన మాటకే విలువ ఎక్కువ ఉండాలి. సరంగు వెళ్దామంటే వెళ్లాలి, వద్దంటే ఆగాలి. రూలు ఎందుకు?

గోదారి గట్టు:
మంచి ప్రశ్న అడిగారు. దీనికి జవాబు మా ఇంట్లోనే ఉంది.

నాన్న నీళ్లు చదివేవాడు. ఎర్రనీళ్లు దిగుతున్నాయంటే నురగ ఎటు పోతోందో చూసేవాడు, కొట్టుకొచ్చే కట్టెలు చూసేవాడు. కట్టె నిలువుగా తిరిగి మునిగిందంటే అటు పోనిచ్చేవాడు కాదు. రాత్రి పడుకునే ముందు రేవులో గెడ పాతి, తెల్లారి ఎంత తడిసిందో చూసి ఓ మాట అనేవాడు. ఇవన్నీ ఆయనకి ఎవరూ నేర్పలేదు.

ఒక ఏడాది ఆయన "ఇవాళ వద్దండి" అన్నాడు. 60 టికెట్లు అమ్మేశారు. వంట అయిపోయింది. మైకు పెట్టేశారు. యజమాని ఏమీ తిట్టలేదు, "నీకు భయమైతే దిగు, ఇంకొకణ్ణి పిలుస్తా" అన్నాడంతే. ఇంట్లో మేం ముగ్గురం పిల్లలం. నాన్న దిగలేదు. లాంచీ నడిపాడు, క్షేమంగానే తిరిగొచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. చేతులు చూపించాడు అమ్మకి, చక్రం పట్టుకుని పట్టుకుని బొబ్బలెక్కాయి.

అందుకని అనుభవం ఉంటే సరిపోదండి. ఆ అనుభవం ఉన్నవాడు వద్దంటే అతని కూలి పోకూడదు. "నేను కాదండి, బోట్లకి అనుమతిచ్చే కంట్రోల్ రూమ్ వాళ్లు ఆపారు" అని చెప్పగలిగిన రోజున సరంగు యజమాని కళ్లలోకి చూసి మాట్లాడగలడు. మీకు రూలు మీ కాళ్లకి అడ్డంగా కనపడింది. మాకు అది వెనకాల గోడ.

సేఫ్టీ డ్యూటీ, విశాఖ:
గోదారి గట్టు గారు రాసింది నా ఉద్యోగం మొత్తాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పినట్టుంది. నేను రసాయనాల ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగంలో పనిచేస్తాను. మా దగ్గర ట్యాంకులోకి మనిషి దిగాలంటే వర్క్ పర్మిట్ ఉండాలి. లోపల ఆక్సిజన్ ఎంతుందో మీటరు పెట్టి చూసి, ఆ అంకె రాసి, సంతకం పెట్టాకే దిగాలి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి ఇది చాదస్తంలా ఉంటుంది. "సార్, పైనుంచి చూస్తుంటే ఖాళీగానే ఉంది కదా" అంటారు. ఖాళీగానే ఉంటుంది. ఆక్సిజన్ లేని గాలికి రంగు లేదు, వాసన లేదు. దిగినవాడు పడిపోతాడు, కాపాడ్డానికి ఇంకొకడు దూకుతాడు, వాడూ పోతాడు. మ్యాన్‌హోల్ చావుల్లో ఇద్దరేసి, ముగ్గురేసి పోయేది ఇలాగే.

స్వేచ్ఛాజీవి గారూ, బుర్ర వాడుకోవాలన్నారు. తప్పకుండా. బుర్రకి అందాల్సిన సమాచారం అందకపోతే ఏం వాడతాం? 2020 మే 7 తెల్లవారుజామున మా విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో జనం నిద్రపోతున్నారు. పక్కనున్న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చింది. సైరన్ మోగలేదు. 12 మంది పోయారు. ట్యాంకులో వేడి పెరుగుతోందని, వేయాల్సిన మందు తగినంత లేదని ఆ ఊళ్లో ఏ తల్లి లెక్కగట్టగలదు? "మీ రిస్కు మీరే చూసుకోండి" అని వాళ్లతో అనగలమా?

స్వేచ్ఛాజీవి గుంటూరు:
సేఫ్టీ డ్యూటీ గారూ, మీరు నేను అనని మాటకి జవాబిస్తున్నారు. పక్కవాడి ఫ్యాక్టరీ నా ఇంట్లోకి విషం వదిలితే అది నా రిస్కు కాదు, వాడి నేరం. అక్కడ ప్రభుత్వం ఎంత కఠినంగా ఉన్నా నేను సమర్థిస్తాను. నేను మాట్లాడేది నా తల గురించి, నా బండి గురించి. దానివల్ల ఇంకొకరికి నష్టం లేదు.

ఇంకో సంగతి. రూలు ఉంటే చాలు, ఇక భయం లేదనే ధీమా వచ్చేస్తుంది జనానికి. బోటుకి లైసెన్సు ఉందా, జాకెట్లు ఉన్నాయా అని ఎవరూ చూడరు, "గవర్నమెంటు వాళ్లు చూసే ఉంటారులే" అని ఎక్కేస్తారు. 2017 నవంబరులో విజయవాడ పక్కన కృష్ణా నదిలో, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోటు తిరగబడింది. గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం చూద్దామని ఒంగోలు నుంచి వచ్చిన వాకర్లు ఎక్కింది అనుమతి లేని బోటు. రూలు లేక కాదు కదా ఆ చావులు. రూలుని నమ్ముకోవడం మొదలుపెడితే మన కళ్లు మనం మూసుకుంటాం. నా అభ్యంతరం అదీ.

మియాపూర్ మనిషి:
ఈ రెండో పాయింటు మాత్రం ఆలోచించాల్సిందే. నేను కూడా టికెట్ కొన్నప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఫొటోలు బాగున్నాయి, భోజనం ఉందన్నారు, కొనేశా.

వార్డు నంబరు 4:
నేను నర్సుని. న్యూరోసర్జరీ వార్డులో పదకొండేళ్లు. ఊరు పేరు, ఆసుపత్రి పేరు చెప్పను.

స్వేచ్ఛాజీవి అన్నా, మీ మీద కోపంతో రాయట్లేదు. "నా తల, నా ఇష్టం, ఇంకొకరికి నష్టం లేదు" అన్నారు, దాని గురించి మాత్రం మాట్లాడతాను. మా వార్డులో తలకి దెబ్బ తగిలి వచ్చినవాళ్లు అందరూ చనిపోరు. చాలామంది బతుకుతారు. ఆ బతకడం ఎలా ఉంటుందో బయటివాళ్లకి తెలియదు. గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెడతాం. ముక్కులోంచి ఇంకో గొట్టం, అందులోంచి రాగిజావ పోస్తాం. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండవుతుంది. ఇరవై రోజులకి డిశ్చార్జి రాస్తాం. అప్పుడు ఇవన్నీ ఇంట్లోవాళ్లకి నేర్పి పంపాలి. ఒకమ్మాయికి నేర్పాను, పెళ్లయి ఏడు నెలలు. సిరంజితో జావ ఎలా పోయాలో చూపిస్తుంటే నోట్సు రాసుకుంది. ఎంత పోయాలి, ఎంత వేడి ఉండాలి, పోశాక ఎంతసేపు తల ఎత్తి పెట్టాలి, అన్నీ. చివర్లో "ఎన్నాళ్లు సిస్టర్?" అని అడిగింది. నేను పెన్ను మూత పెడుతూ ఉండిపోయాను.

ఆమె భర్త ఉద్యోగం పోయింది. ఆ అమ్మాయి తన ఉద్యోగం మానేసింది. తమ్ముడి చదువు ఆగింది. నష్టం లేనివాళ్లెవరున్నారు అందులో?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. బతికి నా వార్డుకి వచ్చినవాళ్లు ఆ లెక్కలో లేరు.

స్వేచ్ఛాజీవి గుంటూరు:
వార్డు నంబరు 4 గారూ, చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను హెల్మెట్ పెట్టుకోను అని ఎక్కడా అనలేదు. పెట్టుకుంటాను, చదవక ముందు కూడా పెట్టుకునేవాణ్ణి. నా అభ్యంతరం బలవంతం మీద. బలవంతం వల్ల ఏమవుతోందో రోడ్డు మీద చూడండి. పోలీసు కనపడే దాకా హెల్మెట్ ట్యాంకు మీద ఉంటుంది, కూడలి దాటగానే మళ్లీ ట్యాంకు మీదకే. ఫుట్‌పాత్ మీద రెండొందలకి దొరికే ప్లాస్టిక్ టోపీ కొంటున్నారు. అది తలని కాపాడదు, ఫైను నుంచి కాపాడుతుంది. భయపెట్టి చేయించే పని ఇలాగే ఉంటుంది. ఎందుకు పెట్టుకోవాలో మీరు ఇప్పుడు చెప్పినట్టు చెబితే ఫైను అక్కర్లేదు.

వార్డు నంబరు 4:
చెబుతూనే ఉన్నాం అన్నా. మా ఆసుపత్రి గేటు దగ్గర బోర్డు ఉంది. పేషెంటుని చూడటానికి వచ్చిన బంధువులు ఆ బోర్డు పక్కనే బండి పెట్టి, హెల్మెట్ లేకుండా వచ్చి, లోపల ఏడ్చి, మళ్లీ అలాగే వెళ్తారు.

రెండొందల టోపీ సంగతి మాత్రం ఒప్పుకుంటాను. ఐఎస్ఐ గుర్తు లేనివి అమ్మకూడదని 2021 జూన్ నుంచి ఉత్తర్వులున్నాయి, అయినా అమ్ముతున్నారు. అక్కడ పట్టుకోవాల్సింది అమ్మేవాణ్ణి. దయచేసి ఇంకోటి అందరూ చూసుకోండి: గడ్డం కింద పట్టీ. పట్టీ పెట్టకపోతే దెబ్బ తగలకముందే హెల్మెట్ ఎగిరిపోతుంది. పట్టీ పెట్టాక రెండు వేళ్లకంటే ఎక్కువ దూరకూడదు.

డాలస్ తెలుగోడు:
ఇంతసేపూ చదువుతున్నా, ఇక్కడి సంగతి కూడా చెబుతా. టెక్సస్‌లో 21 ఏళ్లు దాటినవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి కాదు. శిక్షణ కోర్సు అయినా పూర్తిచేసి ఉండాలి, లేదా హెల్త్ ఇన్సూరెన్స్ అయినా ఉండాలి. అంటే "నీ ఇష్టం, ఖర్చు కూడా నీదే" అన్నమాట. స్వేచ్ఛాజీవి గారు కోరుకునేది దాదాపు ఇదే అనుకుంటా.

నేను వచ్చిన కొత్తలో ఇది చాలా గౌరవంగా అనిపించింది. పెద్దవాణ్ణి పెద్దవాడిలా చూస్తున్నారు అనుకున్నా. తర్వాత తెలిసింది, 2000లో ఫ్లోరిడా కూడా ఇలాగే సడలించింది, ఆ తర్వాత అక్కడ మోటార్‌సైకిల్ చావులు పెరిగాయి. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ అనే సంస్థ సమీక్ష ప్రకారం హెల్మెట్ చావు అవకాశాన్ని సుమారు 42 శాతం, తల గాయాన్ని 69 శాతం తగ్గిస్తుంది. ఇన్సూరెన్స్ కార్డు వీటిలో దేన్నీ తగ్గించదు.

బోట్ల విషయంలో ఇక్కడి పద్ధతి నాకు నచ్చుతుంది. 26 అడుగుల లోపు బోటు నడుస్తుంటే 13 ఏళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకుని తీరాలి. పెద్దవాళ్లు వేసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, కానీ ఎంతమంది ఉంటే అన్ని జాకెట్లు బోటులో ఉండి తీరాలి. మీ బావమరిది గారు అడిగిన సంతకం కాగితం కూడా ఇక్కడ మామూలే. తేడా ఏంటంటే, ఇక్కడ నిర్లక్ష్యం బయటపడితే యజమాని కోర్టులో ఆస్తి అమ్ముకోవాల్సి వస్తుంది. ఆ భయం ఇక్కడ కాపలా కాస్తుంది. మన దగ్గర కోర్టు తీర్పు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. అలాంటిచోట సంతకం తీసుకుని పంపేస్తే లాభం బోటు యజమానికే, మీకు కాదు.

మియాపూర్ మనిషి:
ఇది నాకు తట్టలేదు. మా బావమరిది సంతకం పెడతానన్నప్పుడు నేను పక్కనే ఉండి తల ఊపాను. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆయన తరఫున నేనే ఒప్పేసుకున్నట్టయింది. ఇప్పుడు ఆలోచిస్తే అమ్మకి ఈత రాదు, నాన్నకి రాదు, నాకూ రాదు. అడగనే లేదు వాళ్లని.

ఏజెన్సీ టీచర్:
అందరూ ఆపడం మంచిదే అన్న వైపు వెళ్తున్నారు కాబట్టి రెండో వైపు చెప్పడం నా బాధ్యత. గోదావరి ఒడ్డున కొండల్లో ఉన్న ఊళ్లలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను.

మీకు బోటు విహారం. అక్కడివాళ్లకి అదే బస్సు, అదే అంబులెన్సు, అదే రేషను బండి. రోడ్డు లేని ఊళ్లకి లాంచీ ఆగిందంటే అన్నీ ఆగినట్టే. 2018 మే 15న మంటూరు దగ్గర మునిగిన లాంచీలో ఉన్నవాళ్లు టూరిస్టులు కాదు. పని మీద వెళ్తున్న కొండమొదలు వైపు గిరిజనులు. ఈదురుగాలి వచ్చింది. జల్లు కొడుతోందని కిటికీలు, తలుపులు మూసుకుని లోపల కూర్చున్నారు. మనం బస్సులో ఉంటే ఏం చేస్తాం? అదే చేశారు. లాంచీ ఒరిగాక ఆ తలుపుల్లోంచి బయటికి రాలేకపోయారు. గాలి లేస్తే తలుపులు తీసి ఉంచాలి, గాలి అడ్డం లేకుండా పోవాలి అని వాళ్లకి ఎవరు చెప్పారు?

ఇలాంటివి జరిగిన ప్రతిసారీ మొదట వచ్చే ఉత్తర్వు "బోట్లన్నీ బంద్". కచ్చులూరు తర్వాత విహారం బోట్లు మళ్లీ కదలడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. టూరిస్టు ఇంకో ఏడాది ఆగగలడు. జ్వరం వచ్చిన బిడ్డ ఆగలేదు. లాంచీ లేకపోతే ఏం చేస్తారో నేను చూశాను. నాటు పడవ తీస్తారు. ఇద్దరు పట్టే పడవలో ఐదుగురు ఎక్కుతారు. నా క్లాసులో చదివే అమ్మాయి వాళ్లమ్మకి నొప్పులొస్తే రాత్రి పూట అలాగే దాటించారు. ఒకతను టార్చిలైటు పట్టుకున్నాడు, ఇంకొకతను చెంబుతో నీళ్లు తోడుతూనే ఉన్నాడు. అదృష్టం, తల్లీ బిడ్డా దక్కారు. భద్రత కోసం ఆపిన లాంచీ ఆ తల్లిని అంతకంటే ప్రమాదకరమైన పడవలోకి ఎక్కించింది.

కాబట్టి నేను రూలుకి వ్యతిరేకిని కాదు. ఆపినవాళ్లు ప్రత్యామ్నాయం కూడా చూపించాలి. ఆపడానికి ఒక్క సంతకం చాలు. రోడ్డు వేయడానికి చాలా కావాలి. అందుకే ఆపడమే ఎక్కువగా జరుగుతోంది.

గోదారి గట్టు:
టీచర్ గారూ, మీకు చేతులెత్తి దండం పెడుతున్నా. ఈ సంగతి బయటివాళ్లు రాయరు. మా పెద్దమ్మ అలాగే పడవలో దాటుతూ జ్వరంతో పోయింది, అది నేను పుట్టకముందు మాట.

కంట్రోల్ రూములు వచ్చాక విహారం బోట్లకి లెక్కా జాబితా వచ్చింది, అది మంచిదే. ఊళ్ల మధ్య తిరిగే పడవలకి ఒక్కోదానికి పది జాకెట్లు, ఓ ఇంజను ఇచ్చినా చాలు. మావాళ్లు నీళ్లు చదవగలరు, వాళ్ల చేతిలో సామాను లేదు.

సేఫ్టీ డ్యూటీ, విశాఖ:
టీచర్ గారి మాటకి నా అనుభవం కలుపుతాను. ఫ్యాక్టరీలో కూడా "ఈ పని చేయకూడదు" అని బోర్డు పెట్టేసి, ఆ పని ఎలా చేయాలో చెప్పకపోతే కార్మికులు రాత్రి షిఫ్టులో దొంగచాటుగా చేస్తారు. ఉత్పత్తి టార్గెట్ అలాగే ఉంటుంది కదా. మేం ఇప్పుడు ప్రతి బోర్డు కింద రెండో వరుస రాస్తున్నాం, ఎందుకు చేయకూడదో, బదులుగా ఎవరిని పిలవాలో. రెండో వరుస రాశాక మొదటి వరుసని వినడం ఎక్కువైంది. రేవు దగ్గర కూడా అదే చేయొచ్చు. "ఈరోజు నీరు ఇంత. ఇంత దాటితే బోటు కదలదు. టికెట్ డబ్బు ఫలానా చోట వెనక్కి ఇస్తారు." ఒక నల్లబోర్డు, సుద్దముక్క చాలు.

స్వేచ్ఛాజీవి గుంటూరు:
దీనికి నేను సంతోషంగా ఒప్పుకుంటాను. కారణం, అంకె నా ముందు పెట్టండి. అప్పుడు ఆపినా నాకు అవమానంగా ఉండదు. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని ఊళ్లో పిల్లాడికి కూడా తెలుసు. అందుకే ఆ ఊళ్లో 48 అనగానే జనం వాళ్లంతట వాళ్లే సామాన్లు సర్దుతారు. బోటు ప్రయాణానికి కూడా అలాంటి అంకె ఒకటి జనం నోళ్లలో పడాలి.

హెల్మెట్ మీద మాత్రం నా అభిప్రాయం మార్చుకోను. పెద్దవాడికి ఫైను వేయకూడదు, చెప్పాలి. వార్డు నంబరు 4 గారికి నా మీద కోపం ఉండదనుకుంటాను.

వార్డు నంబరు 4:
కోపం లేదు అన్నా. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. మీ వెనక కూర్చునేవాళ్లకి కూడా ఒకటి కొనండి. ఈరోజు నాకు నైట్ డ్యూటీ, ఇక ఉంటాను.

మియాపూర్ మనిషి:
చాలా రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. ఆ రోజు ఇక్కడ మాట్లాడిన వాళ్లందరికీ చెప్పాలనిపించింది.

సంక్రాంతి దాటాక మళ్లీ వెళ్తున్నాం. ఈసారి టికెట్ కొనేముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలడిగాను. బోటుకి ఎంతమందికి అనుమతి, ఎంతమందిని ఎక్కిస్తారు, ఆపేస్తే డబ్బు ఎన్ని రోజుల్లో వస్తుంది. మొదట మాట్లాడినాయన విసుక్కుని పెట్టేశాడు. రెండో ఆయన ఓపిగ్గా చెప్పాడు, ఆయన దగ్గరే తీసుకున్నా. రేవు దగ్గర రోజూ నీటి అంకె రాసిపెట్టమని అర్జీ కూడా రాసి పోస్టు చేశాను. జవాబు ఇంకా రాలేదు.

నాన్నని ఈసారి విడిగా కూర్చోబెట్టి అడిగాను, వెళ్దామా వద్దా అని. కచ్చులూరు సంగతి, సరంగు గారి సంగతి మొత్తం చదివి వినిపించాను. "జాకెట్ ఇస్తే వస్తా, భోజనం దగ్గర కూడా విప్పను" అన్నాడు. అమ్మ మాత్రం ఇంకా ఆలోచిస్తోంది. ఆమె రానంటే బలవంతం చేయను.

గోదారి గట్టు గారూ, నాన్న కొంచెం భారీ మనిషి. 96 కిలోలు. జాకెట్ సైజు గురించి ఏమైనా చెప్పగలరా?

గోదారి గట్టు:
చెబుతానండి. ఎక్కేటప్పుడు హడావిడిలో అందరికీ ఒకే సైజు చేతికిస్తారు. అలా తీసుకోకండి. నాన్నగారికి పెద్ద సైజు అడిగి, ఒడ్డు మీదే వేసి చూడండి. ముందు పట్టీలు అన్నీ క్లిప్పు పడాలి, ఒక్కటి విరిగినా మార్పించండి. వేశాక మీరు వెనక నిలబడి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే, నీళ్లలో తల మీంచి జారిపోతుంది. చొక్కా మీదే వేయండి, శాలువా మీద వద్దు. అమ్మగారు వస్తే చీర కొంగు జాకెట్ లోపలికి పోనివ్వండి.

కింద అరలో కాకుండా పైన కూర్చోబెట్టండి, మెట్లకి దగ్గరగా. మా ఇల్లు రేవుకి ఐదు నిమిషాలు. మా నాన్న ఇప్పుడు లాంచీ నడపట్లేదు, పొద్దున్నే రేవు దగ్గర టీ కొట్టులోనే ఉంటాడు. వచ్చే రోజు ముందు నాకు మెసేజ్ పెట్టండి, నీళ్లెలా ఉన్నాయో ఆయన్ని అడిగి చెబుతాను.